పెద్దమ్మ చేత ‘వద్దు’ అనిపించిన రోజు

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఏమొచ్చినా రాకపోయినా, అన్నీ వచ్చన్న నమ్మకం మాత్రం నిండుగా ఉంటుంది. నాకైతే నాలుగు భాషలు వచ్చన్న గర్వం ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పొలం పనుల్లో దోర్లీ, సంతలో గోండీ. (మా వైపు మేకలు కాసుకునే ముసలమ్మకైనా మూడు భాషలు వస్తాయి. కానీ నేను డిగ్రీ చదివినదాన్ని కాబట్టి నా భాషలు వేరే రకం అనుకునేదాన్ని.) అలాంటి రోజుల్లో దోర్నపాల్ దగ్గర మా ఊరికి ఒక హిందీ సినిమా వాళ్లు దిగారు. కథలో అబ్బాయిది ఇటు దేశం, అమ్మాయిది అటు దేశం, నడుమ ముళ్లకంచె. అసలు సరిహద్దు దగ్గర అనుమతి దొరకలేదట, అందుకని వరి కోసేసిన మా మళ్లలోనే కంచె వేసి, ఒక చెక్‌పోస్టు కట్టి, దానికి రంగులేశారు. మాకు తెలిసిన సరిహద్దు కోంటా దాటాక వచ్చేది ఒక్కటే. అక్కడ బోర్డుల మీద హిందీ అక్షరాలు పోయి తెలుగు అక్షరాలు వస్తాయి, అంతే. మా ఊరి కోడళ్లలో సగం మంది ఆ బోర్డు దాటి వచ్చినవాళ్లే.

ఊరివాళ్లకూ సినిమావాళ్లకూ మధ్య మాట చేరవేసే పని నాకిచ్చి, మెడలో ఒక కార్డు వేశారు. అన్నం తినేటప్పుడు కూడా నేను దాన్ని తీయలేదు. దర్శకుడు నీడలో ఉన్నా గొడుగు దించేవాడు కాదు, అందుకని ఊరంతా ఆయన్ని గొడుగు సారు అనేవారు. మూడో రోజు ఆ గొడుగు సారుకి పెద్ద చిక్కొచ్చింది. హీరోయిన్‌కి నాయనమ్మగా వేయాల్సిన నటి వాంతులు పట్టుకుని జగదల్‌పూర్‌లోనే ఆగిపోయింది. హీరోయిన్ మర్నాడు పొద్దున ఒక్క సీను చేసి వెళ్లిపోవాలి. కాబట్టి నాయనమ్మ సీను ఆ సాయంత్రం పొద్దు వాలేలోపే అయిపోవాలి. సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ, కంచె తన మేకల దారికి అడ్డమొచ్చిందని పనివాళ్లతో పోట్లాడుతోంది. గొడుగు సారు ఆ ముఖం చూసి అలాగే నిలబడిపోయారు. నన్నెవరూ అడగకుండానే ముందుకు దూకి, ఆవిడ మా పెద్దమ్మేననీ, అరగంటలో నేర్పించేస్తాననీ చెప్పాను.

నేర్పాల్సింది ఒక్క ముక్క. మనవరాలు కంచె అవతల ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తానని ఏడుస్తుంది. నాయనమ్మ చేయి పట్టి ఆపి, “బేటీ, ఉస్ పార్ మత్ జా” అనాలి. అవతలికి వెళ్లొద్దని. పెద్దమ్మ ఆ మాట పది సార్లు గడగడా అప్పజెప్పింది. తీరా కెమెరా తిరిగాక, హీరోయిన్ నిజం కన్నీళ్లతో ఏడవగానే, పెద్దమ్మ కొంగుతో ఆ పిల్ల ముఖం తుడిచి, చేతికర్రతో కంచె కింది తీగ పైకెత్తింది.

“పో బిడ్డా. పిలగాడు ఎండల నిలవడ్డడు.”

ఏమందని గొడుగు సారు అడిగితే, మాట మర్చిపోయిందని చెప్పాను. రెండోసారీ అదే, మూడోసారీ అదే. నాలుగోసారి తీగ ఇంకాస్త పైకెత్తింది. చేతకాకపోతే ఇప్పుడే చెప్పమని గొడుగు సారు నెమ్మదిగా అన్నారు. ఆ నెమ్మదికే నా ప్రాణం పోయింది. పెద్దమ్మను పక్కకు తీసుకెళ్లి, ఇదంతా నాటకమనీ, ఆ ఏడుపు ఉత్తదేననీ చెప్పాను.

“కన్నీళ్లు తడిగనే ఉన్నయి గదనే,” అంది పెద్దమ్మ. “మీ పెదనాయిన ఎంట వచ్చినప్పుడు నన్ను మస్తుమంది వద్దన్నరు. నేను ఆగిన్నా? ఇప్పుడు ఈ పిల్లని ఏ మొకం పెట్టుకొని ఆపాలె?”

పొద్దు చూస్తే చెట్ల మీదికి వచ్చేసింది. అందుకని గొంతు తగ్గించి, “నీకు చెప్పొద్దనుకున్న పెద్దమ్మా. ఆ పిలగాడికి ఇదివరకే పెండ్లయింది. ఇద్దరు పిల్లలు గూడ,” అన్నాను.

పెద్దమ్మ కర్ర గట్టిగా పట్టుకుంది. వెళ్లి నిలబడింది. ఈసారి “మత్ జా” అన్న తీరుకి హీరోయిన్ నిజంగానే ఉలిక్కిపడింది. అంతటితో ఆగకుండా పెద్దమ్మ కంచె మీద కర్రతో కొట్టి, అవతల ఉన్న హీరోని తెలుగులో కడిగేస్తే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా అతను రెండడుగులు వెనక్కి వేశాడు. గొడుగు సారు ఆ మూడు రోజుల్లో మొదటిసారి గొడుగు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. ఇలా నేర్పడం అందరి వల్లా కాదన్నట్టు నేను కార్డు సర్దుకున్నాను.

ఈలోగా సీను అయిపోయిందన్న సంగతి పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు. టీ తాగుతున్న హీరోయిన్ పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, తన సంత హిందీలో అసలు విషయం చెప్పేసింది. “ఉస్కా షాదీ హో గయా. దో బచ్చా.” అతనికి పెళ్లయిపోయింది, ఇద్దరు పిల్లలని. హీరో హీరోయిన్లిద్దరూ నిజంగానే ప్రేమించుకుంటున్నారని యూనిట్ మొత్తానికి తెలుసట, నాకు తప్ప. హీరోయిన్ లేచి హీరో దగ్గరికెళ్లి ఏదో అడిగింది. అతను ఒట్లు వేస్తుంటే వినకుండా కారెక్కి తలుపు వేసుకుంది. ఎవరు చెప్పారని మేనేజరు కేకలు పెడితే, పెద్దమ్మ ఎంతో గర్వంగా కర్రతో నన్ను చూపించింది.

కారు అద్దం దగ్గర నిలబడేసరికి నా హిందీ అంతా ఎటో పోయింది. ఆ పిల్లలు నేను కల్పించినవాళ్లని చెప్పాలి. కల్పించడం అన్న మాట తట్టక, నా నోట వచ్చింది ఇది: “మేడమ్, వో దో బచ్చే మేరే హై.” ఆ ఇద్దరు పిల్లలూ నావాళ్లే అని. హీరోయిన్ నన్ను చూసింది, హీరోని చూసింది. హీరో నెత్తి పట్టుకున్నాడు. నేనేం వాగానో, అసలు ఆ పిల్లలు ఎక్కడి నుంచి పుట్టారో అప్పటికి పెద్దమ్మకు అర్థమైంది. నన్ను పక్కకు నెట్టి, “ఝూట్ బోలా. ఇస్కా షాదీ నహీ హువా,” అంది. అబద్ధం చెప్పింది, దీనికి పెళ్లే కాలేదు అని. నా డిగ్రీ హిందీ చెడగొట్టినదాన్ని ఆ ఆరు ముక్కలు సరిచేశాయి. అద్దం వెనక హీరోయిన్ ముందు నోరు మూసుకుంది, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.

కార్డు తిరిగి ఇచ్చేయమన్నారు, ఇచ్చేశాను. పెద్దమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తన పరువు పోయినందుకు కాదు, మంచి పిల్లగాణ్ణి తిట్టించానని. మర్నాడు పొద్దున కొంగునిండా రేగుపళ్లు తెచ్చి, కంచె తీగల సందుల్లోంచి అతని దోసిట్లో పోసింది. అతను వంగి ఆవిడ కాళ్లు అందుకోబోయి చొక్కా తీగకు చించుకున్నాడు. (సినిమా మేమందరం ఫోన్లో చూశాం. పెద్దమ్మ ముఖానికి ఎవరిదో నున్నటి గొంతు అతికించారు. “నేను గివి అన్లే,” అని ఫోను నా చేతికిచ్చేసింది.)

ఇప్పుడు నేను ఆసుపత్రిలో పని చేస్తున్నాను. డాక్టరు మాట రోగికి, రోగి మాట డాక్టరుకి చేర్చడమే నా పని. మొన్న ఒక తాత బీడీ మాననంటే మాననని కూర్చున్నాడు. అతన్ని హడలగొట్టే అబద్ధం ఒకటి బ్రహ్మాండంగా నోటిదాకా వచ్చింది. మింగేసి, డాక్టరు చెప్పింది చెప్పినట్టు దోర్లీలో చెప్పాను. తాత తలూపి, బయటికెళ్లి, బీడీ వెలిగించాడు. వరండాలో నిలబడి అతన్ని చూస్తుంటే, మెడలో కార్డుతో కారు అద్దం దగ్గర నిలబడిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, ఎంత ధైర్యంగా ఉండేదో.