పంటి కింద పూత

మా వెనకింటి పెద్దమ్మ పోయిన నెల చనిపోయింది. పొద్దున్నే పెదనాన్నే వచ్చి గడప అవతల నిలబడ్డాడు. "మీ పెద్దమ్మ పోయింది బిడ్డా," అని, "జర వచ్చి సూడు," అన్నాడు. వాళ్లతో నాకు రక్తసంబంధం లేదు. మిర్యాలగూడకు కాపురానికొచ్చిన కొత్తలో పలకరించే దిక్కులేని నాకు ఆమె పెద్దమ్మయింది, ఆయన పెదనాన్నయ్యాడు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వాళ్లు కుమ్మరులు. ఆయన సారె మీద జాడీలు చేసేవాడు, ఆమె వాటికి పూత పెట్టేది. వట్టి మట్టి జాడీలో ఆవకాయ పెడితే నూనె బయటికి ఊరుతుంది. ఆమె పూత పెట్టిన జాడీ చుక్క కూడా వదలదు. ఆ పని ఆమెకు పుట్టిల్లు కోదాడలో అన్న నేర్పాడు. కోస్తాలో జాడీల కార్ఖానాలో పనిచేసి వచ్చినవాడాయన. కార్ఖానా మంట మన బట్టీలో ఎక్కడ వస్తుంది? అందుకని ఆమె తెల్లరాయి పొడిలో, సీసం కాల్చి చేసిన పసుప్పచ్చ పొడి కలిపి, నీళ్లు పోసి నూరేది. అది కొద్దిపాటి మంటకే కరిగి గాజవుతుంది. పూతలో ముంచి తీసినప్పుడు జాడీ పాలిపోయి కనిపించేది. బట్టీలోంచి తీశాక మాత్రం అప్పుడే తడిపిన ఎర్రమట్టిలా మెరిసేది, పైన పూత ఉందన్న ఆనవాలే ఉండేది కాదు.

"కనబడకూడదమ్మా. కనబడిందంటే నేను సరిగ్గా నూరలేదన్నట్టే," అనేది.

నూరింది చాలో లేదో చూసుకోవడానికి ఆమెకు ఒకటే పద్ధతి. వేలితో కాస్త తీసి ముందుపళ్ల మధ్య పెట్టుకునేది. పంటి కింద ఇసుక తగిలితే మళ్లీ నూరేది. తగలకపోతే తలూపి, ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకునేది. "ఇదేం పూతో గానీ, తియ్యగా ఉంటుందే," అని నవ్వేది. "మీ కోదాడోళ్లకు మన్ను గూడ తియ్యగనే ఉంటది," అని పెదనాన్న సారె దగ్గర్నుంచి ఎత్తిపొడిచేవాడు. "నీ మాట కంటే తియ్యగానే ఉందిలే," అనేది ఆమె. ఏళ్ల తరబడి అట్లాగే గడిచింది.

మొదట కడుపునొప్పి వచ్చింది. వాము నమిలి ఊరుకుంది. తర్వాత చిగుళ్ల మీద నల్లటి గీత కనిపిస్తే పళ్లపొడి మరక అనుకున్నాం. ఆ తర్వాత చేతుల వంతు. మణికట్టు దగ్గర వాలిపోయి, ఎంత ప్రయత్నించినా లేచేవి కావు. వాతమన్నారు, నూనె రాసి మర్దన చేశాం. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోదామంటే అవి రజాకార్ల రోజులు, దారిలో ఎవరు ఎదురవుతారో తెలియదు. గొడవలు సద్దుమణిగాక పోతే, డాక్టరు చిగుళ్లు చూసి ఏం పని చేస్తావని అడిగాడు. ఆమె చెప్పింది.

"సీసం ఒంటికి పట్టిందమ్మా. ఇగ దాన్ని ముట్టొద్దు," అన్నాడు.

"మరి మందు?" అన్నాడు పెదనాన్న.

డాక్టరు పాలు తాగించమన్నాడు. అంతకుమించి తన దగ్గర ఏమీ లేదని ఆయన మొహమే చెప్పింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఆవకాయల కాలం ముంచుకొచ్చింది. వాళ్లకు ఏడాది తిండి ఆ జాడీల మీదే. పూత పని కూడా పెదనాన్న మీద పడింది. నేను మంచం పక్కన కూర్చుని ఆమెకు జావ పడుతుంటే, ఆయన నూరడం ఆపి, వేలితో కాస్త తీసి నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె చూసింది. ఆయన్ని ఆపాలని చెయ్యి చాచింది. మోచెయ్యి లేచింది గానీ, అరచెయ్యి కిందికే వేలాడింది.

"ఉమ్మెయ్! నా మీద ఒట్టు, ఉమ్మెయ్!"

ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. ఆయన ఉమ్మేసి, నోరు కడుక్కుని, మంచం దగ్గరికొచ్చాడు.

"మరి నాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

పళ్లతో తప్ప ఆమె ఇంకోలా చూసి ఎరగదు. "తెలీకపోతే తెలీకపోనీ అయ్యా. నోట్లో మాత్రం పెట్టకు," అంది. ఆయన సరేనని, వాలిపోయిన ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

ఆ విడత జాడీలు మబ్బుగా, గరుకుగా వచ్చాయి. ఒకటి తెచ్చి చూపించమంది. పూత ఎక్కడికక్కడ తెల్లగా కనబడుతోంది. దానివంక చాలాసేపు చూసి, "బానే ఉందిలే," అంది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

దినాలయ్యాక అన్నం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. పెన్‌పహాడ్ వాళ్లు జాడీల కోసం వచ్చి అడిగిపోయారట, పెదనాన్న నూరుడు రాయి ముందు కూర్చుని ఉన్నాడు. ఆ పొడి మళ్లీ ముట్టుకోవద్దని చెప్దామనుకున్నాను. వద్దంటే ఏం తిని బతుకుతాడు? అన్నం గిన్నె ఆయన పక్కన పెట్టాను. ఆయన వేలితో పూత తీసి పెదవుల దాకా తెచ్చుకున్నాడు. అక్కడే ఆగిపోయాడు. కాసేపటికి వేలు ధోవతికి తుడుచుకుని మళ్లీ రాయి అందుకున్నాడు. అన్నం చల్లారిపోయింది. ఎప్పుడు ఆపాలో తెలియక ఆయన నూరుతూనే ఉన్నాడు.