కిరణాలు తగిలిన నాచు, గుప్పెడు కొసరు

2004లో కాకినాడలోని ఒక సముద్రోత్పత్తుల సంస్థ నన్ను క్వాలిటీ కంట్రోల్ మేనేజరుగా వేసింది. ఉప్పాడ తీరంలో ఎండబెట్టిన తినే నాచును, చెన్నైలో సూప్ పొడి తయారుచేసే కంపెనీకి పంపడం మా పని. ఇసుక మీద, ఈగల మధ్య ఎండే సరుకు కాబట్టి సూక్ష్మజీవుల లెక్క ఎప్పుడూ వాళ్లు పెట్టిన హద్దు దాటేది. క్రిములు చావాలని ఆవిరి పట్టిస్తే రంగు పోయేది. అందుకని గామా కిరణాల దారి పట్టాం. సీలు చేసిన సంచులను పెట్టెల్లో పెట్టి వేరే రాష్ట్రంలోని కిరణాల కేంద్రానికి పంపితే, ఆ కిరణాలు వెదజల్లే కోబాల్ట్ మూలం చుట్టూ తిప్పి ఇస్తారు. కిరణాలు సంచిలోకి దూరి క్రిములను చంపుతాయి. నాచులో రేడియోధార్మికత మిగలదు. పెట్టె మీది పసుపు బిళ్ల ఎర్రబడితే కిరణాలు తగిలినట్టు.

మొదటి లాటు ఎర్రబిళ్లలతోనే తిరిగొచ్చింది. అయినా క్రిములు ఎక్కువున్నాయని చెన్నై కంపెనీ ల్యాబు తిప్పి పంపింది. రెండోదీ తప్పితే ఆర్డరు రద్దని ఉత్తరం రాశారు. అదే జరిగితే మా ఉప్పాడ యార్డులో నాచు ఏరి, కడిగి, ఎండబెట్టే ఇరవై మంది ఆడవాళ్లకు పని ఉండదు.

నేను రాజమండ్రిలో కిరాణా కొట్టు వెనక పెరిగినవాణ్ని. తప్పు ముందు ఎదుటివాడి మీదకు నెట్టి బేరం మొదలుపెట్టడం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కిరణాల కేంద్రం అధికారికి ఫోన్ చేసి, డోసు తగ్గించారేమో, ఈసారి అదే రేటుకి ఇంకాస్త ఎక్కువ వేయమన్నాను.

"ఇది కందిపప్పు కాదండీ, ఇంకో దోసెడు పోయడానికి. డోసు పెంచితే మీ నాచు రంగు, వాసన రెండూ పోతాయి" అని, డోసు రికార్డులు ఫ్యాక్స్ చేశారాయన. అంతా సక్రమంగానే ఉంది. మొదటి లాటు కేంద్రం నుంచి తిరిగొచ్చిన రోజే మా ల్యాబులో ముందుజాగ్రత్తగా దాచిన సంచిని విప్పి పరీక్షించాను. అదీ శుభ్రంగా ఉంది. అంటే సరుకు చెడింది మా యార్డులోనే, తిరిగొచ్చిన తర్వాతే.

యార్డు మేస్త్రి నూకాలమ్మను, సంచులు ఎవరైనా తెరిచారా అని కాస్త గట్టిగానే అడిగాను.

"తమరే కదండీ తెరిపించారు! తూకం ముల్లు మధ్యలో నిలబడితే మర్యాద కాదు, సంచికో గుప్పెడు కొసరెయ్యమన్నారు. యార్డు గోనెలోంచి తీసి ఏశాం, మళ్లీ సీలేశాం."

గోనెలోని నాచుకు కిరణాలు తగల్లేదు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివిన తలను కొట్టువాడి చెయ్యి ఓడించింది.

"కాసిన పాలల్లో పచ్చిపాలు పోయించారు. ఇరిగిపోవా మరి?" అంది నూకాలమ్మ. యార్డంతా నవ్వింది. నవ్వడం తప్ప నాకూ వేరే దారి కనబడలేదు.

రెండో లాటుకు కొసరు మానలేదు. కేంద్రానికి పంపేముందు, సంచులకు సీలు వేయకముందే వేయించాను. పెట్టెలు కేంద్రం నుంచి నేరుగా చెన్నై లారీ ఎక్కాయి, యార్డు ముఖం చూడలేదు. చెన్నై ల్యాబు ఫ్యాక్స్ రాగానే ఉప్పాడ వెళ్లాను.

"పాసయ్యామాండీ?" అని గుమ్మంలోనే అడిగింది నూకాలమ్మ.

"అన్ని పరీక్షల్లోనూ" అన్నాను.

"అయితే ఈసారి తమరి చెయ్యి పడలేదన్నమాట!"

అదే ఫ్యాక్స్ చేతబట్టుకుని చెన్నైవాళ్లను ఏడాది కాంట్రాక్టు అడిగాను. ఆరు నెలలన్నారు. ఒక పూటంతా వాదించి ఏడాదికే ఒప్పించాను. యార్డులో ఒక్కరి పనీ పోలేదు.

కిరణాలు సంచిలో అప్పటికి ఉన్న క్రిములనే చంపుతాయి. తర్వాత చేరేవాటికి కాపలా కాయవు. సరుకు చెడినప్పుడు విచారణ యంత్రం దగ్గర కాక, దాన్ని చివరిసారి ముట్టుకున్న చేతి దగ్గర మొదలుపెట్టాలి. అది మేనేజరు చెయ్యి అయినా సరే.