చాంద్ బీ తలకట్టు

జవేరియా రెండేళ్లుగా గీస్తున్న తెలుగు అక్షరాలకు మూలం ఒక బోర్డు. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు మళ్లే రోడ్డు పక్కన ఆమె తల్లి చాంద్ బీ నడిపే టిఫిన్ బండికి ఆనించి ఉంటుందది. ఆ పూట ఏం దొరుకుతుందో చాంద్ బీ దానిమీద సుద్దముక్కతో రాస్తుంది. మొదట ఉర్దూ దిద్దిన చెయ్యి కాబట్టి తలకట్టును కుడినుంచి ఎడమకు లాగుతుంది. అక్షరం టోపీ వెనక్కి నెట్టుకుని పలకరించినట్టుంటుంది. జవేరియా ఆ వాలును ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫాంటు చేసింది.

పిల్లల పుస్తకాలు వేసే సుధీర్‌కు అది నచ్చింది, తన పుస్తకాలకు కొంటానన్నాడు. చాలా స్నేహంగా ఉందండీ అన్నాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు. తలకట్లు అందరిలా మార్చాలట. పైగా, ఇది గోదావరి ఒడ్డున ఓ అమ్మమ్మ చేతిరాత అని అట్ట వెనక నాలుగు ముక్కలు వేస్తే జనం కరిగిపోతారట. మన భాషాభిమానం ఇంతే: అమ్మమ్మ కావాలి, ఆమె పేరు చాంద్ బీ కాకూడదు.

ఇంటికొచ్చి జవేరియా అంతా చెప్పింది. తల్లి మండిపడుతుందనుకుంటే సిగ్గుపడింది. తన రాత వంకరేనని, దానికోసం పని పోగొట్టుకోవద్దని బతిమాలింది. మర్నాడు బండి దగ్గర బడిపిల్లలా నాలుక కరుచుకుని తలకట్లన్నీ ఎడమనుంచి కుడికి గీసింది.

రోజూ ఆగే క్యాబ్ డ్రైవర్ కుర్మయ్య ఆ పొద్దున బండి దాటిపోయి, మళ్లీ తిప్పుకుని వచ్చాడు.

"ఏందక్కా, బండి గిట్ల అమ్మినవా? ఎవల్దో బోర్డు అనుకొని పోయిన."

"బిడ్డ కోసం మంచిగ రాసిన," అంది చాంద్ బీ.

"మంచిగనే ఉన్నది. దవాఖాన బోర్డు లెక్కుంది. ఆకలైతలేదు."

పక్కనే ఉన్న జవేరియా చున్నీ కొంగుతో బోర్డంతా తుడిచేసి సుద్దముక్క తల్లికిచ్చింది.

"అమ్మీ, ఎప్పటిలెక్క రాయ్."

"నీ పని పోతది, బేటా."

"పోనీ. ఇది నీ చేతిరాత. ఎవలో అమ్మమ్మది గాదు."

చాంద్ బీ 'వడ' అని రాసింది, తలకట్లు కుడినుంచి లాగుతూ. జవేరియా దాన్ని ఫొటో తీసి సుధీర్‌కు పంపింది. ఇది శంషాబాద్ రాత, తలకట్టు మారదు, పేరు చాంద్ బీ అని కింద రాసింది. అలాగైతే వద్దండీ అని ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు.

ఇప్పుడా ఫాంటును ఎవరైనా ఊరికే దించుకోవచ్చు. పేరు మార్చడానికి మాత్రం వీల్లేదు. మొదట వాడింది కుర్మయ్య. అతని క్యాబు వెనకద్దం మీద అతని పేరుంది, తలకట్లన్నీ కుడినుంచి వాలి.