కొడవలి కంటే ముందే దేవేంద్రప్ప

దేవేంద్రప్పకున్నది ఒకటే అలవాటు: సినిమాలో ఎవరినైనా చంపబోతుంటే, చచ్చేవాళ్లకు ముందే చెప్పేస్తాడు.

ఎర్రగుంట్లలో నాపరాళ్లు కోసే మిషను పక్కన పనిచేసి పెంచుకున్న గొంతు అది. "ఏమ్మా పాపా, ఆ తలుపు తీయొద్దు! కొడవలోడు ఆడే ఉండాడు!" అని అరిచాడంటే హాలు బయట బజ్జీలు వేసే మనిషి కూడా గరిటె ఆపాల్సిందే. తెర మీది పిల్ల మాత్రం వినదు. తీస్తుంది. "చెప్తే ఇనకపోతివి. ఇంగ నీ ఇష్టం" అని దేవేంద్రప్ప నొచ్చుకుంటాడు.

ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే అరుణ్ కుమార్‌కు ఆ గొంతంటే హడల్. స్నేహితులను పోగేసి అతను తీసిన 'హాస్టల్లో కొడవలి' ఎలాగో నాలుగు రోజులు ఆడింది. ఆ ధైర్యంతో 2006లో రెండో భాగం తీశాడు. మొదటి దాంట్లో అందరూ చచ్చిపోయారు కాబట్టి, ఇందులో వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ అదే హాస్టల్లో చేరతారు.

కడపలో జనం నవ్వారు. "రక్తమా అది? నన్నారి షర్బత్ మాదిరుండాది" అన్నారు. షర్బతే. రెండో రోజుకే సినిమా పెట్టె ఎర్రగుంట్లకు తిరిగొచ్చింది.

అరుణ్‌కు కడప బాధ లేదు. దిగులంతా తల్లి కృపమణి గురించే. సినిమా చివర 'మా అమ్మ కృపమణికి' అని వేశాడు. మొదటి భాగంలోనూ వేశాడు. ఆమె అక్కడిదాకా ఉంటే కదా! మొదటి ఆటకే వచ్చి, మొదటి హత్యకే బయటికెళ్లి, మెట్ల మీద కూర్చుని, చచ్చిన పిల్లల కోసం ప్రార్థన చేసింది.

ఈసారి ఆదివారం, చర్చి అయ్యాక మ్యాట్నీకి తీసుకొచ్చాడు. ముందుగా వెళ్లి దేవేంద్రప్ప చేతులు పట్టుకున్నాడు.

"చిన్నాయనా, ఈ ఒక్క ఆట నోరు తెరవొద్దు. మా యమ్మ వచ్చింది."

"సరేలేప్పా."

మొదటి కొడవలి చప్పుడు లేకుండా దిగింది. ఆడవాళ్ల వైపు నుంచి కేకలు. కృపమణి చెప్పులు వెతుక్కుని బయటపడింది. సగం మంది ఆమె వెనకే.

"యాల వచ్చేసినావుమా?"

"ఆ యప్ప ముందే చెప్తాడు, కండ్లు మూసుకోవచ్చు అని మా చర్చివాళ్లంటే గదా నేనొస్తి! ఈ పొద్దు నోట్లో ఏం పెట్టుకున్నాడో!"

అరుణ్ లోపలికి పరుగెత్తాడు. "చిన్నాయనా, నువ్వు అరిచేది ఆడోళ్ల కోసమా?"

"మెల్లగా మాట్లాడప్పా. మొదటి ఆట ఒగన్నే చూసి, యాడాడ నరుకుతారో గుర్తు పెట్టుకుంటా. 'భయమైతే కండ్లు మూసుకోండి' అంటే వాళ్లకు నామోషీ గదా. అందుకే తెర మీది పిల్లకు చెప్పినట్టు చెప్తా."

"చెప్పు చిన్నాయనా. శానా గట్టిగా చెప్పు."

బయటికెళ్లినవాళ్లంతా తిరిగొచ్చి కూర్చున్నారు. కొడవలి లేచిన ప్రతిసారీ దేవేంద్రప్ప గొంతు ముందు లేచింది. "రేయ్ కండ్లద్దాలోడా, ఒగనివే బావి తట్టు యాడికి పోతాండావు?" ఆడవాళ్ల వైపు కొంగులన్నీ మొహాల మీదికి వెళ్లాయి.

ఆఖరి హత్యకు మూసిన కళ్లు కృపమణి తెరవనే లేదు. తెర మీద పేర్లు మొదలయ్యాయి. అరుణ్ దేవేంద్రప్ప వైపు చూశాడు.

దేవేంద్రప్ప లేచి నిలబడ్డాడు. "కృపమణక్కా! నీ పేరు వస్తాది!"

అంతదాకా అతను పిలిచినవాళ్లలో ఒక్కరూ బతకలేదు.

"అయ్యో ప్రభువా, నన్ను గూడా సంపుతారేమప్పా!" అంటూనే ఆమె ఒక కన్ను తెరిచింది.