పెద్దక్క దాచిన నాలుగు ఇంజక్షన్లు

మా ఆఫీసులో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. యజమాని దగ్గర్నుంచి అందరికీ పెద్దక్కే. ఇరవై రెండేళ్ళుగా దుకాణాలకీ, గోదాములకీ, ఆసుపత్రులకీ సాఫ్ట్‌వేర్ రాస్తోంది. నా నోటి దురుసు భరించినందుకే ఆవిడకి దండం పెట్టాలి. కానీ నేను రుణపడింది అందుక్కాదు.

నేను చేరి ఆరో నెల. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా ఆయన పనిచేసే ప్రెస్సు మూతపడింది. ఇంట్లో జీతం నా ఒక్కదానిదే. సరిగ్గా అప్పుడే నా నెత్తిన పడింది ఆ పని. సరుకు ఎంత మిగిలిందో చూపించే భాగం మా ఏడు సాఫ్ట్‌వేర్లలోనూ విడివిడిగా ఉండేది. ఒకచోట దిద్దితే ఆరుచోట్ల మర్చిపోయేవాళ్ళం. ఏడూ కలిపి ఒక్కటి చేసి, అన్నీ దాన్నే వాడుకునేలా మార్చాలి.

"సోమవారానికల్లా అవ్వాలి. అది చూశాకే నీ సంగతి" అన్నారు యజమాని.

ఆసుపత్రి మందుల స్టోరు కోడ్‌లో ఒక వింత లైను తగిలింది. కొన్ని ఇంజక్షన్ల నిల్వలోంచి ఎప్పుడూ నాలుగు తగ్గించి చూపిస్తోంది. పది ఉంటే ఆరు. ఎందుకో ఒక్క ముక్క రాసి లేదు.

"ఏ మహానుభావుడో గానీ, బుర్ర ఇంట్లో పెట్టొచ్చి రాశాడు!" అని పక్క సీట్లో ఉన్న పెద్దక్కకి వినపడేలా తిట్టి, తీసిపారేశాను.

శుక్రవారం ఆవిడ నా పని సరిచూస్తూ అక్కడ ఆగింది.

"ఎవర్నడిగి తీశావే?"

"ఎవర్నడగాలి? శుద్ధ తప్పు లెక్క కదా!"

"వాడుకునేవాళ్ళున్నారుగా. పద."

గంటసేపు బస్సులో నుంచుని ఆ ఆసుపత్రికి వెళ్ళాం. దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను. స్టోరులో కళ్ళద్దాల పెద్దాయన మా ప్రశ్న విని లేచి నుంచున్నాడు.

"అమ్మో, అది తీసెయ్యకండి! ఆ నాలుగూ ఎమర్జెన్సీ వాళ్ళకమ్మా. మా కంటికి కనపడకూడదు. కనపడితే ఏదో వార్డువాళ్ళు బతిమాలతారు, మేం ఇచ్చేస్తాం. తర్వాత ప్రాణం మీదికొచ్చి ఎవరైనా పరిగెత్తుకొస్తే ఏమివ్వను? మొన్న ఒక బాలింతని అవే కాపాడాయి."



తిరిగొచ్చి, ఎవరెన్ని దాచుకోవాలో వాళ్ళే చెప్పుకునే వీలు ఆ ఉమ్మడి భాగంలో పెట్టాం. ఆసుపత్రికి నాలుగు, దుకాణాలకి సున్నా. దాంతో సోమవారం కాస్తా బుధవారమైంది.

యజమాని మండిపడ్డారు. "గడువు తప్పింది. ఈ అమ్మాయి..."

"తప్పు నాది" అంది పెద్దక్క. "పదిహేనేళ్ళ కిందట ఆ లైను రాసింది నేనే. కారణం రాసిపెట్టలేదు. నాకే గుర్తులేక అడగడానికి పోయాను. పంపించెయ్యాలంటే ముందు నన్ను పంపించండి."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను తిట్టిన మహానుభావుడు ఈవిడే! యజమాని కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టారు.

బయటికొచ్చాక ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "మీ మేలు జన్మలో మర్చిపోను పెద్దక్కా."

"మర్చిపోతావే" అంది. "నేను మర్చిపోలేదూ? వెళ్ళి ముందు కోడ్‌లో ఆ నాలుగు పక్కన కారణం రాయి."