సారక్క వంచిన అణువు

నన్నెవరైనా పొగిడితే ముందు సారక్క గుర్తుకొస్తుంది. ఇన్నేళ్లూ ఆ బరువును గర్వం కింద దాచాను. మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు కనుక చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మాది జూలూరుపాడు. సారక్కది టేకులపల్లి అడవిలో ఒక గూడెం. ఖమ్మంలో ఒకే మాస్టారి దగ్గర పరిశోధన చేసేవాళ్లం. గడియారాల, ఫోన్ల తెరల్లో ద్రవ స్ఫటికాలుంటాయి. వాటి అణువుల్ని కంప్యూటర్లో కట్టి, ఎంత వేడికి వాటి వరుస చెదురుతుందో లెక్కగట్టడం మా పని. వరుస చెదిరితే తెర మీద బొమ్మ ఉండదు.

ఆ అణువుకు గట్టి నడుమూ, దాని చివర పొడవాటి తోకా ఉంటాయి. నా అణువులు మొండివి. అసలు పదార్థం ఎప్పుడో చెదిరిపోయే వేడిలోనూ నా లెక్కలో బారులు తీరి నిలబడేవి. మధ్యలో కరెంటు పోయేది. మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. మళ్లీ అదే తప్పు జవాబు.

ఒకరోజు సారక్క కుర్చీ లాక్కుని నా తెర వైపు చూసింది.

"అన్నా, తోకను కర్ర లెక్క బిగబెట్టినవ్. జెర వంగనియ్యరాదు?"

వంగనిచ్చాను. ప్రోగ్రామంతా నేనే రాశాను, వారాల తరబడి. లెక్క ప్రయోగశాల కొలత పక్కకు వచ్చి కూర్చుంది. ఇద్దరం బజ్జీలు తిని పండగ చేసుకున్నాం.

తర్వాత తెరలు తయారుచేసే కంపెనీవాళ్లు వచ్చారు. మాలో ఒక్కరికే ఉద్యోగం. తోకను వంచాలన్న ఆలోచన ఎవరిదని అడిగారు. సారక్క నా వెనకే కూర్చుంది.

"నాదే సార్" అన్నాను.

ఎందుకన్నాను? భయమా? కాదు. నా చేతుల్లో పెరిగింది కనుక దాని పుట్టుక కూడా నాదేనని ఆ క్షణం నిజంగా నమ్మానా, లేక నమ్మానని ఇప్పుడు నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నానా?

బయటికొచ్చాక అడిగింది. "ఏందన్నా, గట్ల చెప్పినవ్?"

"ఇద్దరం చేసిందే గదా, సారక్కా."

"అవ్, చేసింది ఇద్దరమే. ఆళ్లు అడిగింది చేసుడు గురించి కాదు."

ఆ ఏడే పరిశోధన మానేసింది. ఇప్పుడు ఎక్కడో పిల్లలకు ఫిజిక్స్ చెబుతోందని విన్నాను.

నేను ఎదిగాను. మా లెక్కతో ఎంచిన పదార్థం తెరల్లోకి వెళ్లింది. మే నెల ఎండలో నల్లబడని తెరను చూస్తే ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది. ఆ గర్వాన్ని వదులుకోను. పని మంచిది. మంచిది కనుకే నేను చేసింది మరీ చెడ్డది.

క్షమించమని ఆమెను అడగను. అడిగితే ఆమె దగ్గర ఇంకోటి తీసుకున్నట్టే.

ఆ ఆలోచన సారక్కది. రాసేశాను. ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది.