బుడే బాబాయ్ నిద్ర వైద్యం

ఎదురుపడ్డ మనిషిని బాగున్నావా అని పలకరించడం మా బుడే బాబాయ్‌కి చేతకాదు. "రాత్రి నిద్ర పట్టిందా?" అంటాడు. పట్టిందంటే మొహం వేలాడేస్తాడు. పట్టలేదన్నారో, భుజాన ఉన్న దూదేకే విల్లు కింద పెట్టి, వీధి మధ్యలోనే వైద్యం మొదలుపెడతాడు.

"గసగసాలు నానబెట్టి నూరి గేదెపాలల్లో కలుపుకు తాగు. పడుకోబోయే ముందు అరికాళ్ళకి ఆముదం. రాత్రి అన్నంలోకి పెరుగు, పచ్చి ఉల్లిపాయ. టీ ముట్టావంటే నా మీద ఒట్టే!"

ప్రత్తిపాడు పక్కన మా ఊళ్ళో దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన వృత్తి. నిద్ర ఆయన పిచ్చి. ఈ రెండూ ఒకదానికొకటి సాయం చేసుకోవాలి గదా? చేసుకునేవి కావు. ఎవరన్నా పరుపు కుట్టించుకుందామని వస్తే, "పరుపెందుకురా, చాప చాలు. తలకి నువ్వులనూనె పట్టించి చూడు" అని పంపేసేవాడు. లోపల్నించి ఖాదర్‌బీ పిన్ని గొంతు లేచేది.

"వచ్చిన బేరాన్ని ఆముదం రాసి మరీ సాగనంపుతాడమ్మా ఈ మనిషి! ఊరందరి నిద్రా కావాలి. ఇంటి సంగతి అక్కర్లేదు!"

యాభై అయిదు ఎన్నికల్లో ఓ అభ్యర్థి జనాన్ని వెంటేసుకుని మా వీధికొచ్చాడు. బుడే బాబాయ్ ముందు చేతులు జోడించాడు.

"ఓటు సంగతి తర్వాత. కళ్ళ కింద ఆ నలుపేమిటి బాబూ? రాత్రి నిద్ర పట్టిందా?"

పాపం, ఆ మాట ఆయన్ని అడిగినవాళ్ళెవరూ లేరు. అరుగు మీద కూలబడిపోయాడు. జెండాలు పట్టుకున్నవాళ్ళు ఎండలో నిలబడే ఉన్నారు. జై కొట్టేవాళ్ళు మంచినీళ్ళకి పోయారు. అభ్యర్థి మాత్రం అరికాళ్ళకి గోరింటాకు పెట్టుకుంటే ఒంట్లో వేడి ఎలా దిగుతుందో శ్రద్ధగా వింటున్నాడు. ఎన్నికల్లో ఓడిపోయాడు. ఓడిపోయాక హాయిగా నిద్రపోతున్నానని కబురు పంపాడు. అదంతా గోరింటాకు మహిమేనన్నాడు బుడే బాబాయ్.

ఇంకా నయం. మా వీధి కుర్రాడు ఆదాంకి పెళ్ళయ్యాక శోభనం జరిగిన మర్నాడు ఏం చేశాడనుకున్నారు? నిండు పందిట్లో, చుట్టాలందరి ముందూ, "ఏరా ఆదాం, రాత్రి నిద్ర పట్టిందా?" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆదాం నేలచూపులు చూస్తూ, "లేదు బాబాయ్" అన్నాడు.

"అయ్యో! జాజికాయ రవ్వంత అరగదీసి పాలల్లో..."

ఖాదర్‌బీ పిన్ని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది. "ఆ పిల్లాడికి మందెందుకయ్యా, సిగ్గులేని మనిషీ!"

"నిద్ర పట్టకపోతే సిగ్గెందుకే?" అని చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు.

ఓసారి నేనే అడిగాను. "నీ మందు పనిచెయ్యనివాళ్ళు ఊళ్ళో ఎవరన్నా ఉన్నారా బాబాయ్?"

"ఒకళ్ళున్నార్లే" అని తల దించుకుని, విల్లు టంయ్ టంయ్ మనిపించాడు. మందు పేరెత్తకుండా ఆయన పనిలో పడడం చూడ్డం నాకదే మొదలు.

మిరపకాయ కారంగా ఉంటుందని అందరికీ తెలుసు. ఆ కారం ముందు ఎవరి చేతులకి అంటుతుందో తినేవాళ్ళకి తెలీదు. కల్లాల్లో కూర్చుని తాలుకాయలు ఏరేదీ, తొడిమలు తీసేదీ మా కూలి ఆడవాళ్ళు. చీకటిపడ్డా లాంతరు పెట్టించి పని చేయించేవాళ్ళు. ఇంటికొచ్చాక ఆ చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు, చంటిపిల్లని ఎత్తుకోకూడదు. పిల్ల కెవ్వుమంటుంది. నీళ్ళకుండలో చేతులు పెట్టుకుని, గోడకి జారబడి తెల్లవార్చేవాళ్ళు. మిరపకాయల రోజుల్లో ఖాదర్‌బీ పిన్నీ కల్లానికి పోయేది.

అప్పుడే కొత్తగా కూలి సంఘం పెట్టాం. అన్నిట్లోకీ పెద్ద కల్లం, పిన్ని పోయే కల్లం, యలమందయ్య గారిది. కల్లం కూలీల్లో గట్టిగా మాట్లాడే పిచ్చమ్మని ముందు పెట్టుకుని ఆయన దగ్గరికెళ్ళాం. పొద్దుగూకేసరికి పని ఆపాలి, పోయేటప్పుడు చేతులకింత ఆముదం, చల్లని మజ్జిగ ఇవ్వాలి. మేం అడిగింది ఇంతే.

"మండేదైతే మిరపకాయలు ముట్టుకోవడం దేనికే?" అన్నాడాయన, చుట్ట తీయకుండానే.

"మేం ముట్టుకోకపోతే తమరు ముట్టుకుంటారా?" అంది పిచ్చమ్మ.

దాంతో మాటలు ఆగిపోయాయి. మేం వీధిలో నినాదాలిచ్చాం. ఆయన తలుపేసుకున్నాడు.

అయితే తలుపేసుకున్నా ఆయనకి నిద్ర రావడంలేదు. రేటు పెరుగుతుందని పంట అమ్మకుండా కల్లంలోనే పోగేశాడు. మబ్బు పట్టినా భయం, కుక్క మొరిగినా భయం, గుంటూరు నుంచి బస్సు దిగినవాడు రేటు పడిందంటాడేమోనని భయం. కళ్ళు ఆయన మిరపకాయల కంటే ఎర్రగా అయ్యాయి. బూరుగుదూదితో మెత్తటి పరుపొకటి కుట్టమని బుడే బాబాయ్‌కి కబురుపెట్టాడు.

పరుపు కుట్టమంటే కుట్టి వచ్చే మనిషా? గసగసాల పాలు తాగించాడు. అవి తాగి ఆయన తెల్లవార్లూ దొడ్లోకి తిరిగాడు. అరికాళ్ళకి ఆముదం రాయించాడు. ఆ కాళ్ళతో కుక్కని అదిలించబోయి గడపలో జారి నడుం పట్టేసింది. జాజికాయ రవ్వంతే వెయ్యమంటే, పున్నమ్మ గారు మొగుడి మీద ప్రేమకొద్దీ కాయంతా అరగదీసింది. మర్నాడు మధ్యాహ్నం లేచి, "ఇదెవరిల్లు?" అని అడిగాడట. ఆ రాత్రి నుంచీ మళ్ళీ మామూలే.

"ఏం వైద్యంరా నీది?" అని అరుగు మీద కూర్చుని గయ్యిమన్నాడు యలమందయ్య గారు. మళ్ళోసారి అడుగుదామని వెళ్ళి, నేనూ పిచ్చమ్మా ఆ అరుగు కిందే నిలబడి ఉన్నాం.

బుడే బాబాయ్ ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. బాబాయ్‌కి నాడి చూడ్డం వచ్చని నాకప్పటిదాకా తెలీదు. ఆయనకీ తెలీదు.

"ఈ వేడి తమ ఒంట్లోది కాదండి" అన్నాడు.

"మరెవరి ఒంట్లోదిరా?"

"కల్లంలోది. సరుకు ముట్టుకున్న చేతులు రాత్రంతా మండుతున్నాయండి. ఆ మంట సరుకుని పట్టుకుంటుంది. సరుకేమో తమ నెత్తిమీదుందాయె. ఇంక కన్నెలా మూతపడుద్దండి?"

"దీనికి మందుందా?"

"లేకేమండి? పొద్దుగూకకముందే చేతులు చల్లబడాలి. తమ ఇంటి ఆముదం, తమ గేదెల మజ్జిగ. తమరే స్వయంగా పొయ్యాలి. పాలేరు పోస్తే నిద్ర పాలేరుకి పోద్ది."

పిచ్చమ్మ మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"పొద్దుగూకాక?"

"కాయ ముట్టుకోకూడదండి. ముట్టుకుంటే దిగిన వేడి మళ్ళీ ఎక్కుద్ది. మందు మొదటికొస్తది."

"ఎన్నాళ్ళు?"

"సరుకు కల్లంలో ఉన్నన్నాళ్ళూ అండి. పథ్యం తప్పితే నా పూచీ లేదు."

మా నినాదాలకి తెరుచుకోని తలుపు నిద్ర కోసం తెరుచుకుంది. ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగానే యలమందయ్య గారు ఆముదం గిన్నె పట్టుకుని కల్లంలోకొచ్చాడు. వెనకాల పున్నమ్మ గారు మజ్జిగ కుండతో. ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేతులు చాపారు. గేదె ఈనినప్పుడు కూడా అంత భయంగా, అంత జాగ్రత్తగా నిలబడి ఉండడు ఆయన.

"అయ్యగారూ, ఎడంచెయ్యి ఇంకా మండుతుందండి" అంది పిచ్చమ్మ. "తమ నిద్ర కోసమే చెప్పేది!"

ఇంకాస్త పోశాడు.

"మోచేతి దాకా పాకిందండోయ్!"

మోచేతి దాకా పోశాడు. గిన్నె మోసీ, వంగీ, లేచీ ఒళ్ళు హూనమైందో, నమ్మకమే పనిచేసిందో, ఆ రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. వారం తిరక్కుండా ఆముదానికి చెయ్యి ముడుచుకుని ఓ సాయంత్రం మానేసి చూశాడు. వేడి ఎప్పుడెక్కుతుందోనన్న బెంగతో తెల్లార్లూ మేలుకున్నాడు. ఇంకెప్పుడూ మానలేదు.

నాకు మాత్రం ఇది నచ్చలేదు. బాబాయ్‌ని నిలదీశాను. "కష్టపడే చేతికి నూనె అడగడం హక్కు బాబాయ్. నువ్వు దాన్ని దొరగారి నిద్రమందు చేశావ్!"

"హక్కని నువ్వడుగు. నేనూ వచ్చి నీ వెనక నిలబడతా. ఆయన ఒప్పుకునే లోపల ఈ చేతులు మండొద్దనేగా నేనన్నది?"

అన్నట్టే వచ్చాడు. మరుసటి ఏడు యలమందయ్య గారు సరుకు ఏరింది ఏరినట్టే అమ్మేసుకుంటూ, నిద్ర బాగానే పడుతోంది గనక మందు ఆపేస్తానన్నాడు. పిచ్చమ్మ లేచి, "తమరు నిద్రపోండి, మేలుకోండి. నూనె పొయ్యందే కాయ ముట్టం" అంది. కల్లమంతా ఆమెతో లేచింది. ఆ వరస చివర, విల్లు భుజానేసుకుని బుడే బాబాయ్. నూనె ఆగలేదు.

కానీ ఆ మొదటి సాయంత్రం గడిచిన మర్నాటి సంగతి చెప్పాలి. పొద్దున్నే వాళ్ళింటికెళ్ళాను. బాబాయ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇన్నాళ్ళకి నాకు అవకాశం దొరికింది.

"ఏం బాబాయ్, రాత్రి నిద్ర పట్టిందా?"

"ఎక్కడ! ఒక్క కునుకు లేదు."

"అదేంటి?"

నా చెవి దగ్గరికి వంగాడు. మొహం వెలిగిపోతోంది. "మీ పిన్ని గురక పెట్టిందిరా! మిరపకాయల రోజుల్లో ఆవిడ గురక వినడం నాకిదే మొదలు. రైలింజనే అనుకో!"

"మరి గసగసాల పాలు తాగి పడుకోకపోయావా?"

"పిచ్చోడా" అన్నాడు, "వినాలనిపిస్తే పడుకుంటామట్రా?"